హంతక వైరస్ వేటలో మిగిలిపోయిన ప్రశ్న

పుస్తకం: హెపటైటిస్ బి - ద హంట్ ఫర్ ఎ కిల్లర్ వైరస్ (ఇంగ్లీషు)
రచన: బరూచ్ బ్లంబర్గ్
ప్రచురణ: ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రెస్, 2002

వెతకబోయిన తీగ కాలికి తగిలితే అదృష్టమంటాం. వెతకని తీగ కాలికి తగిలినప్పుడు దాన్ని గుర్తుపట్టడానికి మాత్రం అదృష్టం చాలదు, చూపు ఉండాలి. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్నందుకు 1976లో నోబెల్ బహుమతి పంచుకున్న బ్లంబర్గ్ (1925-2011) అటువంటి చూపు గల మనిషి. ఆయన స్వయంగా చెప్పుకున్న పరిశోధన కథే ఈ పుస్తకం.

ఆయన మొదట వెతికింది వైరస్‌ను కాదు. ఒకే జబ్బు కొందరికి సులభంగా సోకుతుంది, మరికొందరికి సోకదు. ఈ తేడాకు వంశపారంపర్యంగా వచ్చే రక్త ప్రోటీన్లు కారణమా అన్నది ఆయన ప్రశ్న. ఎక్కువసార్లు రక్తం ఎక్కించుకున్నవారిలో పరాయి ప్రోటీన్లకు ప్రతిరక్షకాలు తయారై ఉంటాయి కదా! అందుకని వారి సీరమ్‌ను తీసుకుని, వివిధ దేశాల ప్రజల సీరమ్‌లతో కలిపి పరీక్షించాడు. న్యూయార్క్‌కు చెందిన ఒక హీమోఫిలియా రోగి సీరమ్, ఒక ఆస్ట్రేలియా ఆదివాసి సీరమ్‌తో చర్య జరిపింది. అలా దొరికిన పదార్థానికి 'ఆస్ట్రేలియా ప్రతిజనకం' అని పేరు పెట్టి 1965లో ప్రకటించారు. అది వంశపారంపర్య లక్షణమనే అప్పటి ఊహ.

1966లో ఆ ఊహకు దెబ్బ తగిలింది. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక వ్యక్తి రక్తంలో మొదటి పరీక్షలో కనిపించని ప్రతిజనకం తరువాత కనిపించింది. పుట్టుకతో వచ్చే లక్షణం మధ్యలో ఎలా వస్తుంది? పరీక్షించి చూస్తే అతని కాలేయం వాచి ఉంది. ఆ ప్రతిజనకం హెపటైటిస్ బి వైరస్ పైపొరలోని ప్రోటీన్ అని క్రమంగా తేలింది. ప్రయోగం ఎదురు తిరిగితే ఊహను వదులుకోవాలన్న పాఠానికి విద్యార్థులకు ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు. పుస్తకానికి ప్రాణం ఈ భాగమే.

ఆ పైపొర ప్రోటీన్‌తోనే టీకా తయారయింది. రక్తం నుంచి తీసిన టీకాకు 1981లోనూ, ఈస్ట్ కణాల్లో జన్యు ఇంజనీరింగ్‌తో తయారైన టీకాకు 1986లోనూ అమెరికాలో అనుమతి లభించింది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ ఇటువంటి టీకాను మన దేశంలోనే తయారుచేసి విడుదల చేసింది.

ఇక పేచీ పుస్తకం పేరుతో మొదలవుతుంది. 'హంతక వైరస్' అనగానే, అది కాలేయ కణాల్లో దూరి వాటిని చంపేస్తుందని పాఠకుడు అనుకుంటాడు. నిజానికి ఈ వైరస్ తనంతట తాను కణాన్ని చంపడం అరుదు. వైరస్ చేరిన కణాలను గుర్తించి చంపేవి మన టి కణాలే. కళ్ళు పచ్చబడి, మూత్రం ముదురు రంగుకు తిరగడం ఈ పోరాటానికి గుర్తు. పెద్దవయసులో వైరస్ సోకినవారిలో నూటికి 95 మందికి పైగా ఈ పోరులో గెలిచి కోలుకుంటారు. పుట్టినప్పుడే తల్లి నుంచి సోకిన బిడ్డల్లో మాత్రం నూటికి 90 మందిలో వైరస్ స్థిరపడిపోతుంది. లేత రోధక వ్యవస్థ దాన్ని గట్టిగా ఎదిరించదు. బిడ్డకు కామెర్లు రావు, ఏ బాధా ఉండదు. ప్రమాదమంతా ఆ నిశ్శబ్దంలోనే ఉంది.

తైవాన్‌లో 22,707 మంది పురుషులను పరిశీలించి 1981లో ప్రకటించిన ఫలితాల్లో, వైరస్ వాహకులకు కాలేయ కేన్సర్ వచ్చే అవకాశం ఇతరులకంటే 223 రెట్లు ఎక్కువని తేలింది. ఎందుకు? వాహకుల్లో రోధక కణాలు ఏళ్ళ తరబడి అరకొరగా పోరాడుతుంటాయి. వైరస్‌ను తుడిచిపెట్టలేవు, పోరు మానవు. కణాలు చస్తుంటాయి, వాటి స్థానంలో కొత్తవి పుడుతుంటాయి. విభజన జరిగిన ప్రతిసారీ డి.ఎన్.ఏ. నకలులో తప్పు దొర్లే అవకాశం ఉంటుంది. 1998లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో ఫ్రాన్సిస్ చిసారి బృందం ఎలుకలపై చేసిన ప్రయోగం దీన్ని బలపరచింది. వైరస్ పైపొర ప్రోటీన్‌ను మాత్రమే తయారుచేసే ఎలుకల్లోకి, ఆ ప్రోటీన్‌పై దాడిచేసే రోధక కణాలను ఎక్కించారు. దీర్ఘకాలపు వాపు వచ్చి, చివరికి కేన్సర్ పుట్టింది. అంటే ఒక్క వాపు చాలునన్నమాట. వైరస్ డి.ఎన్.ఏ. ముక్కలు మన క్రోమోజోముల్లో చొరబడి చేసే చెరుపు దీనికి అదనం.

ఈ పుస్తకంలో వేటకు దక్కినంత చోటు కాలేయం లోపలి ఈ కథకు దక్కలేదు. ఇది చిన్న లోపం కాదు. మన ఊళ్ళలో కామెర్లకు నేల ఉసిరి పసరు తాగడం వాడుక. తాగినవారికి కామెర్లు తగ్గడమూ నిజమే. కానీ హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి. పెద్దవారిలో బి కూడా అంతే. పేరు మాత్రం పసరుకు వస్తుంది. 1988లో మద్రాసు పరిశోధకులు, బ్లంబర్గ్ కలిసి నేల ఉసిరిని బి వైరస్ వాహకులపై పరీక్షించారు. మందు తీసుకున్నవారిలో నూటికి 59 మంది రక్తంలో ప్రతిజనకం మాయమైందని ప్రకటించారు. ఆ తరువాత ఇతరులు చేసిన పరీక్షల్లో అటువంటి ఫలితం రాలేదు. ఒక్క పరీక్షతో సంతృప్తి పడరాదన్న నియమం నోబెల్ గ్రహీతకూ వర్తిస్తుంది.

పై సంగతులు తెలిసిన పాఠకుడు రెండు విషయాలు గ్రహిస్తాడు. పచ్చదనం పోయినంత మాత్రాన వైరస్ పోయినట్టు కాదు. కామెర్లు ఎన్నడూ రానివారిలోనూ అది ఉండవచ్చు. రక్తపరీక్షే దారి చెబుతుంది. రెండోది, బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు టీకా ఎందుకు వేయాలో అర్థమవుతుంది. మన దేశంలో 2002లో కొన్నిచోట్ల ప్రయోగాత్మకంగా మొదలైన ఈ టీకా కార్యక్రమం 2011 నాటికి దేశమంతటికీ విస్తరించింది. తైవాన్‌లో 1984లో శిశువులకు టీకా మొదలుపెట్టాక, పిల్లల్లో కాలేయ కేన్సర్ సుమారు సగానికి తగ్గిందని 1997లో వెల్లడైంది. బ్లంబర్గ్ వేటకు అసలైన ఫలం అది.

కళాశాల విద్యార్థులు ఈ పుస్తకాన్ని తప్పక చదవాలి. పాఠశాల విద్యార్థులకు 'ఆస్ట్రేలియా ప్రతిజనకం' కథను ఉపాధ్యాయులు చదివి వినిపిస్తే మేలు. చదివేటప్పుడు పక్కన రోధక వ్యవస్థ గురించిన ఒక మంచి పాఠ్యపుస్తకం కూడా ఉంచుకోండి. ఈ పుస్తకం వదిలేసిన సగం కథ అందులో దొరుకుతుంది.