నొప్పికి కొలత

ఈ వారం నన్ను మండించింది ఒక్క మాట. మా పిన్నికూతురు ఏళ్లుగా కడుపునొప్పితో బాధపడుతోంది. కొలనోస్కోపీ, స్కానింగ్ అన్నీ చేయించాక డాక్టరుగారు ఫైలు మూసి, "అన్నీ నార్మలేనమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారట. అప్పట్నుంచి ఆమె నొప్పి అత్తవారింట్లో నటన కింద జమైపోయింది.

కొలవకుండా తీర్పు చెప్పొద్దని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు పోట్లాడాను. పేగుల బాధకూ కొలత ఉంది. 1973లో ఇంగ్లండులో రిచీ అనే వైద్యుడు పెద్దపేగు చివర బెలూన్ పెట్టి 60 మిల్లీలీటర్ల దాకా ఉబ్బించాడు. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పరీక్షల్లో ఏమీ తేలని పేగుల బాధ) ఉన్నవారిలో సగానికి పైగా నొప్పన్నారు. లేనివారిలో నూటికి ఆరుగురే.

1980ల్లో అజ్‌పిరోజ్, మలాగెలాడా అనే పరిశోధకులు మేయో క్లినిక్‌లో బారోస్టాట్ అనే యంత్రానికి రూపమిచ్చారు. దాని పనితనం తలచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. పేగులో పలచటి ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అందులోని ఒత్తిడిని యంత్రం ఒకే అంకె దగ్గర నిలబెడుతుంది. పేగు బిగిస్తే గాలి లాగేస్తుంది, వదులైతే పంపుతుంది. సంచిలో గాలి ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నదే కండరం బిగువు లెక్క. ఒత్తిడిని మాత్రమే కొలిచే గొట్టాలకు ఈ నెమ్మది బిగువు సరిగా చిక్కదు. ఆ తర్వాత ఒత్తిడిని మారుస్తూ అడుగుతారు: ఏమన్నా తెలుస్తోందా? దొడ్డికి వెళ్లాలనిపిస్తోందా? నొప్పా?

జిల్లాకొక బారోస్టాట్ కావాలని రాయడానికే కూర్చున్నాను. 2007లో డార్న్, వైట్‌హెడ్ బృందం అచ్చువేసిన అధ్యయనం చేయి పట్టి ఆపింది. రెండు ఒత్తిళ్ల మధ్య తేడా పసిగట్టడంలో ఐబీఎస్ ఉన్నవారు మిగతావారికంటే చురుకేమీ కాదు, అదే ఒత్తిడిని నొప్పిగా చెప్పే మొగ్గే ఎక్కువ అంటుందది. మళ్లీ మనసు మీదికే తోస్తున్నారని మొదట కోపమొచ్చింది. కానీ యంత్రం తనంత తానుగా చెప్పేది ఒత్తిడి, గాలి. ఎక్కడ నొప్పి మొదలైందో మనిషే చెప్పాలి. మెదడు దాన్ని నొప్పిగా తీసుకుంటే అది నొప్పే. అంత ఖరీదైన పరీక్షా చివరికి రోగి మాట మీదే నిలబడింది.

ఇలాంటి పేగు జబ్బులను గుర్తించడానికి వాడే 2016 రోమ్ ప్రమాణాలూ ఐబీఎస్‌ను ప్రశ్నలతోనే పట్టమంటాయి: గత మూడు నెలల్లో సగటున వారానికొక రోజైనా నొప్పి ఉందా, విరేచనంతో దానికి సంబంధముందా, ఎన్నిసార్లు వెళ్తున్నారో, మలం ఎలా వస్తోందో అందులో మార్పుందా? బారోస్టాట్ పరిశోధన చేసే పెద్ద సంస్థల్లో ఉంటే చాలు. జిల్లా ఆస్పత్రి ఓపీలో ఈ ప్రశ్నలు అడగడానికి ఒక్కో రోగికి పావుగంట ఇవ్వాలి.