పళ్ళు తోమే పని

వెంటిలేటర్ మీదున్న మనిషికి సిస్టర్ పళ్ళు తోముతుంటే బంధువులు వింతగా చూస్తారు. "స్పృహే లేదు కదా డాక్టర్ గారూ, ఇప్పుడు పళ్ళెందుకండీ?" అని అడిగినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ధ్యాసంతా యాంటీబయాటిక్ మీద, మానిటర్ అంకెల మీద. నేను మాత్రం రౌండ్స్‌లో ముందు టార్చి వేసి నోరే చూస్తాను.

గొంతులో ట్యూబు ఉన్న మనిషి సరిగా దగ్గలేడు, మింగలేడు. నోట్లో ఊరే ఉమ్ము, పళ్ళ పాచిలోని క్రిములతో సహా దిగి, ట్యూబు చివరి గాలిబుడగ పైన మడుగు కడుతుంది. ఆ బుడగని మేం కఫ్ అంటాం. ఎంత ఊదినా దానికి ముడతలు మిగులుతాయి. వాటి సందుల్లోంచి ఆ ఉమ్ము చుక్కలు చుక్కలుగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. కఫ్‌లో ఒత్తిడి 20–30 సెంటీమీటర్ల నీటిమట్టం మధ్య ఉండాలి. తగ్గితే ఈ కారడం ఎక్కువవుతుంది, పెరిగితే శ్వాసనాళం గోడకి రక్తం అందదు. ట్యూబు పడ్డ 48 గంటల తర్వాత వచ్చే నిమోనియాకి ప్రధానమైన దారి ఇదే.

దీన్ని తగ్గించడానికి మంచం తలవైపు ఎత్తాలన్నది అందరికీ తెలిసిందే. 1999లో బార్సిలోనా వైద్యులు 45 డిగ్రీలు ఎత్తి చూస్తే, నిమోనియా అనుమానించాల్సి వచ్చినవాళ్ళు 34 శాతం నుంచి 8 శాతానికి తగ్గారు. 2006లో నెదర్లాండ్స్‌లో అదే 45 పెట్టమని చెప్పి, నిజంగా ఎంత ఉంటోందో కొలిచారు. మొదటిరోజు సగటు 28! మనిషి కిందికి జారుతూనే ఉంటాడు మరి.

ఇక నోట్లోని క్రిముల సంగతి. వాటిని చంపడానికి ఏళ్ళ తరబడి నోటికి క్లోర్‌హెక్సిడిన్ అనే మందు పూశాం. ప్రాణానికి చేటేమోనన్న అనుమానంతో 2022లో అమెరికా మార్గదర్శకాలు దాన్ని వద్దన్నాయి, బ్రష్షు ఉంచమన్నాయి. 2023 చివర్లో 15 ట్రయల్స్ కలిపి లెక్కేస్తే, బ్రష్షు వల్ల ఎక్కువ మేలు వెంటిలేటర్ రోగులకే కనబడింది. రోజుకి రెండుసార్లు తోమితే చాలు.

అలాగని తేలిక పనేం కాదు. ముందు కఫ్ ఒత్తిడి చూసుకోవాలి. ఒక చెయ్యి ట్యూబుని వదలకూడదు, పెదవి దగ్గర దాని లోతు చూపే అంకె మారకూడదు. పిల్లల మెత్తటి బ్రష్షు, పక్కనే ఉమ్ము లాగే సక్షన్. ఇంత నేర్పున్న పనిని కొత్తగా చేరిన అమ్మాయికి అప్పగించేస్తాం! రాత్రిపూట ఒక్క సిస్టర్‌కి ముగ్గురు రోగులుంటే ముందు వాయిదా పడేదీ ఇదే, చార్టులో టిక్కు మాత్రం పడుతుంది. అందుకే పొద్దుటి తోముడు డ్యూటీ మారే వేళకి పెట్టించాను. అప్పుడైతే దిగే సిస్టరూ ఎక్కే సిస్టరూ ఇద్దరూ మంచం దగ్గరే ఉంటారు.