మెదడు కణముల వయస్సు: ఫ్రిసేన్ పరిశోధనపై ఒక పరిశీలన

చర్మము తెగిన మానును, విరిగిన ఎముక అతుకుకొనును. పోయిన నాడీకణము మాత్రము తిరిగి రాదని మనము తరగతిలో చాలకాలముగా చెప్పుచున్నాము. ఈ మాటకు స్పెయిన్ దేశపు మహాశాస్త్రజ్ఞుడు రామోన్ ఇ కహాల్ అండ కలదు. 1962లో జోసెఫ్ ఆల్ట్‌మన్, పిమ్మట 1965లో ఆయనయు గోపాల్ దాస్‌యు కలసి, ఎలుకల మెదడులో జననానంతరము కూడ కొత్త నాడీకణములు పుట్టుచున్నవని చూపిరి. పండితులు పెక్కేండ్లు దానిని చెవిని పెట్టలేదు. 1992లో రేనాల్డ్స్, వైస్ అనువారు ఎదిగిన చుండెలుక మెదడునుండి నాడీ మూలకణములను వేరుచేసి పెంచిన తరువాత ఈ చర్చకు బలము వచ్చెను. (తనవంటి కణమును, ప్రత్యేకమైన పనికి తగిన కణమును కూడ పుట్టింపగలది మూలకణము.)

మరి మనిషి సంగతి యేమి? 1998లో ఎరిక్సన్, గేజ్ ప్రభృతులు అయిదుగురు క్యాన్సరు రోగుల మెదళ్లను, వారు మరణించిన పిమ్మట పరీక్షించి, హిప్పోకాంపస్ అను జ్ఞాపకశక్తికి సంబంధించిన భాగమున కొత్త కణములను గుర్తించిరి. అవి జీవితమంతయు ఎంత వేగముతో పుట్టుచున్నవో దానివలన తెలియలేదు.

స్టాక్‌హోమ్‌లోని కరోలిన్స్కా సంస్థలో యోనాస్ ఫ్రిసేన్ ఇందుకు చిత్రమైన గడియారము నొకదానిని పట్టెను. 1955–63 నడుమ బహిరంగముగా జరిపిన అణ్వస్త్ర పరీక్షలవలన గాలిలోని కర్బనము-14 సుమారు రెట్టింపయ్యెను. 1963 ఒప్పందము తరువాత క్రమముగా తగ్గెను. గాలినుండి మొక్కకు, మొక్కనుండి మనకు అది చేరును. కణము విభజన చెందునపుడు తయారగు డి.ఎన్.ఏ.లో ఆనాటి గాలి గుర్తు నిలిచిపోవును. 1940లో పుట్టినవాని నాడీకణములలో ఈ కర్బనము హెచ్చుగా నున్నచో, ఆ కణములలో కొన్నియైనను అతడు పుట్టిన చాలయేండ్లకు ఏర్పడినవని అర్థము. మానవజాతిని భయపెట్టిన బాంబు ఇట్లు పనికివచ్చినది! 2013లో ప్రకటించిన ఫలితము: ఒక్కొక్క హిప్పోకాంపస్‌లో దినమునకు సుమారు 700 కొత్త నాడీకణములు.

ఈ సంఖ్యకన్న నన్ను ఎక్కువగా ఆకర్షించినది, ఇదే పద్ధతి మరికొన్ని చోట్ల ఇచ్చిన ప్రతికూల సమాధానము. 2005, 2006లలో మెదడు పైపొరలోని నాడీకణములను పరీక్షింపగా వాటి వయస్సు మనిషి వయస్సే అని తేలెను. 2012లో వాసనను గ్రహించు భాగమునను దాదాపు అంతే. డి.ఎన్.ఏ. మరమ్మతు వలననే కొత్త కర్బనము చేరినదను ఆక్షేపణకు ఇదియే జవాబు: అట్లయినచో పైపొరలోను చేరియుండవలెను గదా. లేనిచోట లేదని చెప్పిన సాక్షి, ఉన్నదన్నప్పుడు నమ్మదగినవాడు.

లోపములును కలవు. లక్షలకొలది కణములను కలిపి కొలిచి, లెక్కకట్టి రాబట్టిన సగటు ఇది. ఇదిగో కొత్త కణము అని వ్రేలితో చూపలేదు. మారుచుండు భాగములో సైతము ఏటికి మారునవి నూటికి 1.75 మాత్రమే. 2018లో సోరెల్స్, అల్వరేజ్-బుయ్యా బృందమువారు కణజాలమును రంగులతో పరీక్షించి, పెద్దవారిలో కొత్త కణములు కనబడలేదనిరి. 2019లో మాడ్రిడ్ బృందమువారు అదే జాతి గుర్తులతో వేలకొలది చూచితిమనిరి! మరణించిన పిమ్మట మెదడును ఎంత త్వరగా, ఎంతసేపు ద్రావణములో ఉంచిరన్న దానిపై ఆ గుర్తు నిలుచుటయో చెరగుటయో ఆధారపడునని వీరి వాదము. గడియారమునకు ఈ చిక్కు లేదు.

హిప్పోకాంపస్‌లో కణము పుట్టుట వేరు, తెగిన వెన్నుపాము అతుకుట వేరు. ఫ్రిసేన్ కొలిచినది మొదటిది. ఈ రెంటిని కలిపివేసి, పక్షవాతమునకు మందు దొరికినట్లు వ్రాయువారిని చూచి విద్యార్థులు మోసపోరాదు.

2025లో ఫ్రిసేన్ బృందమే విభజన చెందు పూర్వకణములను పెద్దవారి మెదళ్లలో నేరుగా గుర్తించినది. కొందరిలో అవి విస్తారముగా, మరికొందరిలో దాదాపు లేనట్లే ఉండెను. 700 అను సగటు ఇంత వ్యత్యాసమును తనలో దాచుకొన్నది.