అంగారక నౌకా భంగము: విచారణ నివేదికపై విమర్శ

ప్రమాణములను గూర్చి పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయులు ఉదాహరించు కథ యొకటి కలదు. అమెరికా ప్రభుత్వ సంస్థయగు నాసా అంగారక గ్రహమునకు పంపిన నౌక, ఒకరు పౌండ్లలోను మరియొకరు న్యూటన్లలోను లెక్క వేయుటచే నాశనమైనదని చెప్పుదురు. ఈ కథ అబద్ధము కాదు, కాని సగమే. మిగిలిన సగము 1999 నవంబరు 10న వెలువడిన విచారణ సంఘపు నివేదికలో ఉన్నది. కథ చెప్పువారిలో దానిని చదివినవారు కొలదిమందియే.

మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1998 డిసెంబరు 11న బయలుదేరి 1999 సెప్టెంబరు 23న అంగారకుని చేరినది. నౌకను నిర్మించిన లాక్‌హీడ్ మార్టిన్ వారు డెన్వరు నగరమున ఉండిరి. మార్గమును గణించువారు కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఉండిరి. నౌకలోని చిన్న రాకెట్లు కలిగించు ప్రచోదనమును మొదటివారి గణనయంత్రము పౌండ్ల లెక్కలో ఇచ్చుచుండగా, రెండవవారు దానిని న్యూటన్-సెకండ్లుగా గ్రహించిరి. ఒక పౌండు బలము 4.45 న్యూటన్లకు సమానము. కావున ప్రతి తోపును ఉన్నదానిలో నాలుగవ వంతుకంటె తక్కువగా లెక్కకు వచ్చినది. 226 కిలోమీటర్ల ఎత్తున పోవలసిన నౌక 57 కిలోమీటర్ల ఎత్తునకు దిగిపోయినది. 80 కిలోమీటర్లకు దిగువన అది నిలువజాలదు.

తొమ్మిది నెలల ప్రయాణములో ఈ తప్పు ఏల బయటపడలేదు? నివేదికలో మిక్కిలి విలువైన భాగమిదియే. ఈ నౌకకు సౌరఫలకము ఒక ప్రక్కనే ఉన్నది. సూర్యకాంతి పీడనము దానిని మెల్లగా త్రిప్పుచుండును. ఆ త్రిప్పుటను లోపలి చక్రములు వేగముగా తిరిగి అణచును. చక్రముల వేగము మితిమీరినపుడు రాకెట్లు పేల్చి దానిని తగ్గింపవలెను. అంతకు ముందు పంపిన మార్స్ గ్లోబల్ సర్వేయరుకు ఫలకములు రెండు ప్రక్కల ఉండుటచే ఈ బాధ అంతగా లేదు. మార్గగణకులు దీనికిని అట్లే అనుకొనిరి. కాని రాకెట్లు వారు ఊహించినదానికంటె 10 నుండి 14 రెట్లు తరచుగా పేలినవి. నిర్మాతలకు తెలిసిన ఫలకపు ఆకారము గణకుల లెక్కలలో చేరలేదన్నమాట!

దీనికి తోడు మొదటి నాలుగు నెలలు ఆ లెక్కల పట్టికలు ఆకృతి దోషములచే పనికిరాకపోయెను. రాకెట్లు పేలిన వేళలను ఈ-మెయిల్ ద్వారా తెలిసికొని గణకులు స్వయముగా అంచనాలు వేసికొనిరి. పట్టికలు సరియైన వారము దినములలోనే వాటిలో ఏదో తక్కువగా ఉన్నదని వారికి తోచినది. కాని ఆ సందేహమును నియమిత పద్ధతిలో నమోదు చేయలేదు, ఈ-మెయిళ్లతోనే సరిపెట్టిరి. విద్యార్థి ప్రమాణము వ్రాయనిచో ఒక మార్కు పోవును. సందేహము కలిగియు అడుగనివానికి మార్కు తీయు పరీక్ష ఏదియు లేదు.

ఏ ఒక్క ఉద్యోగి తలపైనను నేరము మోపకుండుట ఈ నివేదిక గుణము. కాని దానిలో పెద్ద లోపమొకటి ఉన్నది. ప్రమాణముల పొరపాటును మూలకారణముగా నిలిపి, సమాచారము పంచుకొనకపోవుటను ఎనిమిది సహాయక కారణములలో ఒకటిగా క్రిందికి త్రోసినది. ఈ వరుస తలక్రిందులు. పొరపాటు మరియొక అంకెలో జరిగినను ఇదే మౌనము దానిని దాటనిచ్చెడిది. సగము కథ ప్రచారమగుటకు ఈ వర్గీకరణము కొంత బాధ్యత వహింపవలెను. 2000 మార్చిలో ఇదే సంఘము వ్రాసిన రెండవ నివేదిక సిబ్బంది నడుమ సంభాషణకు ఎక్కువ చోటిచ్చినది గాని, దానిని తలచువారు ఇంకను తక్కువ.

మొదటి నివేదికను త్వరపడి ముగించుటకు హేతువు కలదు. మార్స్ పోలార్ లాండర్ అనెడి మరియొక నౌక 1999 డిసెంబరు 3న దిగవలసి యుండెను. అదియు నశించినది. కాళ్లు విచ్చుకొనునపుడు కలిగిన కుదుపును నేల తాకినట్లు భ్రమించి యంత్రము ఇంజనులను ముందే ఆపివేసియుండునని పరిశీలకులు ప్రబలముగా భావించిరి. అట్టి మిథ్యాసంకేతమును లెక్కకు తీసికొనరాదను నియమము పై స్థాయి పత్రములో ఉన్నది. గణనక్రమము వ్రాసినవారికి అందిన పత్రములో మాత్రము అది స్పష్టముగా లేదు. పౌండ్లకు, న్యూటన్లకు ఈ నష్టముతో సంబంధమేమియు లేదు.