మా స్టేషన్ మీదుగా పోయిన పత్రిక

మా నాయనమ్మ బీడీలు చుట్టే చేట పక్కన అమృతాంజనం సీసా ఎప్పుడూ ఉంటుంది. ఆ మందును 1893లో బొంబాయిలో మొదలుపెట్టింది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారట. దాని మీద వచ్చిన డబ్బుతోనే ఆయన ఒక తెలుగు పత్రిక నడిపారట. ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం రోజు, మా తెలుగు మేడమ్ చెప్పేదాకా ఈ సంగతి నాకు తెలియదు. ఆ పత్రిక పేరు ఆంధ్రపత్రిక. 1908 సెప్టెంబరు 9న బొంబాయిలో వారపత్రికగా పుట్టింది. అంత పేరున్న తెలుగు పేపరు మన మహారాష్ట్రలో పుట్టిందని విని క్లాసులో అందరం చప్పట్లు కొట్టాం. మేడమ్ పాత పేజీలు కొన్ని ప్రింట్ తీసి ఇచ్చి, "చప్పట్లు చాలు, చదివి ఎట్లుందో రాయండి" అన్నారు. అందుకే ఈ వ్యాసం.

ముందు ఆ కాలం గురించి కొంచెం చెప్పాలి. 1908 జూలైలో బొంబాయి కోర్టు లోకమాన్య తిలక్‌కు ఆరేళ్ల శిక్ష వేసింది. బొంబాయి మిల్లు కార్మికులు ఆరు రోజులు పని ఆపేశారు. తిలక్ గారి కేసరి కూడా మొదట్లో వారపత్రికే, మరాఠీ పాఠంలో చదువుకున్నాం. ఇది జరిగిన రెండు నెలలకు అదే ఊర్లో ఆంధ్రపత్రిక వచ్చింది. అప్పటికి బొంబాయిలో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. కామాఠిపురకు ఆ పేరు వచ్చిందే తెలుగు దేశం నుంచి వలస పోయిన కామాఠీ కూలీల వల్ల.

ఇక భాష సంగతి. ఉన్నదున్నట్టు చెప్తాను, నాకు చాలా కష్టమైంది. "చేయుచున్నారు", "కావలయును", "పోవుచున్నది" అని గ్రాంథికంలో నడుస్తుంది. ఒక్కో వాక్యం చాంతాడంత పొడుగు. మొదట ఉన్న కర్త ఎవరో చివర క్రియ దగ్గరికి వచ్చేసరికి మర్చిపోతాం. పది వరసలు చదివి, అర్థం కాని మాటల కింద పెన్సిల్‌తో గీత గీస్తే పద్నాలుగు గీతలయ్యాయి. నా నోట్సులో మొదట ఇట్లా రాసుకున్నాను: ఈ పత్రిక చదివేవాణ్ణి ఎదురుగా నేల మీద కూర్చోబెట్టి, తాను కుర్చీలో కూర్చొని మాట్లాడుతుంది. కూలోళ్ల ఊర్లో పుట్టి పండితుల భాష మాట్లాడితే ఎవరి కోసం ఈ పేపరు?

ఒక మంచి గుణం మాత్రం అప్పుడే కనిపించింది. అది అరవదు. ఇప్పుడు టీవీలో ప్రతి బాత్మీకి ఢమ్‌మని చప్పుడు, ఎర్ర అక్షరాలు. ఇందులో ఎంత పెద్ద సంగతైనా నిమ్మళంగా చెప్తారు. వారానికి ఒకసారి వచ్చే పేపరు కదా, ఎవరికంటే ముందు చెప్పాలన్న తొందర దానికి లేదు. ఏం జరిగిందో చెప్పి, ఎందుకు జరిగిందో ఆలోచించే టైము ఉంది.

ఆ రాత్రి ఆ పేజీ బిగ్గరగా చదువుతుంటే మా నాయనమ్మ చెయ్యి ఆపింది. ఆమెకు అక్షరం రాదు. "ఇది మన గుడిల పురాణం సదివినట్టుంది బిడ్డా, మల్ల సదువు" అంది. మళ్లీ చదివాను. నేను గీత గీసిన పద్నాలుగు మాటల్లో తొమ్మిదింటికి ఆమె అర్థం చెప్పింది! మార్కండేయ పురాణం, భాగవతం చిన్నప్పటి నుంచి విని విని ఆ మాటలు ఆమెకు వచ్చేశాయి. బడికి పోయే నాకు రానివి ఆమెకు వచ్చాయి. నోట్సులో రాసుకున్న మాట అక్కడే సగం కొట్టేశాను. ఆ భాష చదవడానికి కష్టమే. కానీ ఒకరు చదివితే పదిమంది వినే రోజుల్లో, వినేవాళ్లకు నేను అనుకున్నంత దూరం కాదేమో.

పత్రిక 1914లో మద్రాసుకు పోయి దినపత్రిక అయింది. తర్వాతి కాలంలో సచిత్ర వారపత్రిక కూడా చాలా ఏళ్లు వచ్చింది. 1950ల నాటికి దాని స్వభావమే మారింది. ముళ్లపూడి వెంకటరమణ గారు అందులో సినిమా సమీక్షలు రాశారు. ఆయన "బుడుగు" కూడా బాపు గారి బొమ్మలతో వారం వారం అందులోనే వచ్చింది. ఇది వాడుక భాష. గిడుగు రామమూర్తి పంతులు గారు ఎంతో పోరాడితే వచ్చిన భాష. పత్రిక కుర్చీ దిగి మన పక్కన కూర్చున్నట్టు అనిపిస్తుంది. బుడుగును ఒక్క రోజులో చదివేసి, నాయనమ్మ నవ్వుతుందని ఆమెకు వినిపించాను. ఆమె నవ్వలేదు. "ఎవలింటి మాటలివి?" అని అడిగింది.

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. బుడుగు ఇంటి మాట గోదావరి వైపు మాట. అది పుస్తకాల్లో, సినిమాల్లో చూసి చూసి నాకు అలవాటైంది. మా ఇంటి మాట వేరు. మా పెద్దలు తెలంగాణ నుంచి మగ్గం పని కోసం వచ్చారు. వాళ్ల తెలుగులో ఇక్కడి మరాఠీ కలిసింది. అందరి వాడుక అని పత్రికలు రాసింది కొందరి వాడుకనే. మొదటి పత్రిక భాష ఎవరింట్లోనూ మాట్లాడేది కాదు కాబట్టి అందరికీ సమానంగా కష్టం. రెండోది కొందరికి చాలా దగ్గర, మాకు కొంచెం దూరం. నాకు రెండోదే ఇష్టం, ఇప్పటికీ. కానీ అది సులభం అని రాసేముందు ఎవరికి సులభమో కూడా రాయాలి.

బొంబాయి నుంచి మద్రాసుకు పోయే రైలు దారి అప్పుడూ మా సోలాపూర్ మీదుగానే ఉంది. ఆ పేపరు కట్టలు మా స్టేషన్ దాటే పోయి ఉంటాయని నా ఊహ. అప్పటికి ఇక్కడ 1877లో పెట్టిన పాత మిల్లు నడుస్తున్నది. అందులో తెలుగువాళ్లు పని చేస్తున్నారు. ఒక్క కట్ట అయినా ఇక్కడ దిగిందా, దిగితే ఎవరు విప్పి చదివారు, చుట్టూ ఎవరు కూర్చొని విన్నారు అని ఆలోచిస్తుంటాను. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. దాజీ పేట్‌లో మా గల్లీకి పొద్దున వచ్చే పేపర్లన్నీ మరాఠీవే. అమృతాంజనం మాత్రం ఇంకా వస్తుంది.

ఈ వ్యాసం మొదటిసారి చూపించినప్పుడు మేడమ్ "బాత్మీ" కింద గీత గీసి, పక్కన "వార్త" అని రాశారు. మిగతా తప్పులన్నీ దిద్దుకున్నాను. అది మాత్రం నాయనమ్మ అనే మాట అని చెప్పి, అట్లనే ఉంచమని అడిగాను. మేడమ్ కొంచెంసేపు చూసి, తన గీతను తానే చెరిపేశారు.