ముప్పై అయిదుకు రెండు దారులు

52లోంచి 27 తీసేయమంటే, కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి బడిలోనైనా మరెక్కడైనా కొందరు పిల్లలు 35 వేస్తారు. ఒకరేమో రెండులోంచి ఏడు పోదు గనక ఏడులోంచే రెండు తీసేసి ఉంటారు. పక్కనున్నవారు పదుల్లోంచి అప్పు తెచ్చుకుని, అక్కడ ఒకటి తగ్గించడం మరిచి ఉంటారు. జవాబు ఒకటే, సున్నా మార్కూ ఒకటే. చెప్పాల్సిన పాఠాలు మాత్రం రెండు.

తెలంగాణ బడుల్లో ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు (నిర్మాణాత్మక మూల్యాంకనాలు), రెండు ఎస్‌ఏలు (సంగ్రహణాత్మక మూల్యాంకనాలు). స్లిప్ టెస్టు, ప్రాజెక్టు, రాతపని అన్నింటికీ మార్కులే. రిజిస్టరు నిండుతుంది, ఆన్‌లైన్‌లో నమోదవుతుంది. అందులో ఆ రెండు 35ల తేడా ఎక్కడా కనపడదు.

టీచర్లకు సమాచారం ఇంకాస్త వివరంగా ఇస్తే? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, కామారెడ్డి ఇంకా నిజామాబాద్ జిల్లాలో ఉన్న రోజుల్లో, పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దీన్ని పరీక్షించి చూశారు. కొన్ని గ్రామీణ ప్రాథమిక పాఠశాలల పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరికి ఏది వస్తుందో, ఏది రాదో టీచర్లకు నివేదికలిచ్చారు. అప్పుడప్పుడూ తరగతులకు వెళ్లి గమనించారు కూడా. 2010లో అచ్చయిన ఫలితం చప్పగా ఉంది. ఎవరైనా చూస్తున్నప్పుడు టీచర్లు ఎక్కువ కష్టపడ్డారు. ఏడాది చివర మాత్రం ఆ పిల్లల మార్కులు, నివేదికలు అందని బడుల పిల్లల మార్కులకంటే పెరగలేదు.

అలాగని నివేదికలు ఉత్త కాగితాలు కావు. అవే నివేదికలు అంది, పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనస్ కూడా ఉన్న బడుల్లో, నివేదిక పనికొచ్చిందన్న టీచర్ల దగ్గర చదివే పిల్లలు నిజంగానే ముందుకెళ్లారు. కాగితం అదే. దాన్ని తెరిచి, రేపటి పాఠం మార్చుకోవడానికి అక్కడ ఒక కారణం ఉంది.

తెలంగాణ బడుల్లో 2022 ఆగస్టు 15న మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం ఆ కారణాన్ని టైంటేబుల్లోనే వెతికింది: ఒకటి నుంచి అయిదో తరగతి వరకు వారంలో అయిదు రోజులు బోధన, ఆరో రోజు మదింపు. ఆ రోజు ఫార్మాట్లు నింపడంతో గడిచిపోతే ఇది మరో రిజిస్టరే. తప్పు చేసిన పిల్లల్ని పిలిచి ‘ఇదెట్ల చేసినవ్ బిడ్డా?’ అని అడిగితే, సోమవారం ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో తేలుతుంది.

కామారెడ్డి జిల్లాలో ఆ ప్రశ్న ఇంకో పనీ చేస్తుంది. మద్నూర్ వైపు పిల్లల ఇళ్లల్లో మరాఠీ, కన్నడం వినిపిస్తాయి. గాంధారి తండాల్లో లంబాడీ మాట్లాడతారు. తెలుగు వాక్యాల్లో ఇచ్చిన రాతలెక్క తప్పిన తండా పిల్లను, ఆ భాష వచ్చిన పెద్ద తరగతి పిల్లతో నోటిలెక్కగా అడిగించి చూడొచ్చు. 52 రూపాయల్లో 27 ఖర్చయితే 25 మిగులుతాయని వెంటనే చెప్పిందంటే, ఆమెకు వచ్చే వారం కావాల్సింది తెలుగు చదివించడమే, తీసివేత కాదు.