హోమ్‌స్టే రిజిస్టరులో మన పేరు ఎక్కడ?

కథ వస్తే మనం చర్చిస్తాం. పాట వస్తే చర్చిస్తాం. సర్కారు నిబంధన వస్తే మాత్రం ఆఫీసు గోడకు అంటించిన కాగితంలాగే చూసి వదిలేస్తాం. కానీ ఒక పాట కంటే ఒక నిబంధనే మన బతుకులను ఎక్కువగా మార్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. అటవీ చట్టాలు మన తాతలకు ఆ పాఠం నేర్పాయి. అందుకే ఈ వ్యాసంలో పర్యాటకులకు ఇల్లు అద్దెకిచ్చే వారి నమోదు నిబంధనలను విమర్శకు తీసుకుంటున్నాం. కథను చదివేటప్పుడు అడిగే ప్రశ్ననే ఇక్కడా అడుగుదాం. దీన్ని రాసినవారు ఎవరిని మనసులో పెట్టుకుని రాశారు? అందులో మనం ఉన్నామా?

ఇది మనకు దూరపు విషయం కాదు. వీపనగండ్ల నుంచి కొల్లాపూర్ మీదుగా పోతే సోమశిల. అక్కడ కృష్ణ ఒడ్డున పర్యాటక శాఖ కాటేజీలు ఉన్నాయి, పడవలు ఉన్నాయి. 2015–16లో కేంద్ర ప్రభుత్వం స్వదేశ్ దర్శన్ పథకం కింద పాత మహబూబ్‌నగర్ జిల్లాకు పర్యావరణ పర్యాటక వలయాన్ని మంజూరు చేసింది. దాని విలువ 91.62 కోట్ల రూపాయలు. సోమశిల, సింగోటం, ఫరహాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం, అక్కమహాదేవి గుహలు అందులో ఉన్నాయి. ఈ పేర్లలో సగం నల్లమలవి, అంటే చెంచుల అడవివి. ఇప్పుడు సెలవు రోజు వస్తే హైదరాబాద్ కార్లు ఆ తోవలో వరుస కడుతున్నాయి. వచ్చినవాళ్లు రాత్రి ఎక్కడ పడుకుంటారు, ఆ పడక డబ్బు ఎవరి చేతికి వస్తుంది? అసలు ప్రశ్న అదే.

నిబంధన ఏం అంటుంది?

పర్యాటకులకు ఇళ్లు అద్దెకిచ్చే వారందరికీ దేశమంతటా వర్తించే ఒకే చట్టం మనకు లేదు. గోవా 1982లోనే పర్యాటక వ్యాపార నమోదు చట్టం చేసుకుంది. మిగతా రాష్ట్రాలు తమ తమ విధానాలు చేసుకుంటూ వచ్చాయి. కేంద్ర పర్యాటక శాఖకు హోమ్‌స్టేల గుర్తింపు పథకం ఒకటి ఉంది. అందులో చేరడం స్వచ్ఛందం. ఒక గది నుంచి 6 గదుల వరకు, 12 పడకలకు మించకుండా అతిథులకు ఇచ్చే ఇళ్లను అందులో నమోదు చేస్తారు. వసతులను బట్టి గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులు చేస్తారు.

ఈ పథకంలో ఒక మంచి మాట ఉంది. ఇంటి యజమాని కుటుంబంతో సహా ఆ ఇంట్లోనే నివసించాలి. మేము ఈ వాక్యాన్ని రెండు మూడు సార్లు చదివాం. ఆదివాసీ యువత కంఠస్థం చేయవలసిన వాక్యం ఇది. ఇల్లు అంటే మనుషులు ఉండేది. యజమాని పట్నంలో ఉండి, ఇంటికి జీతగాణ్ణి పెట్టి నడిపితే అది ఇల్లు కాదు, లాడ్జి.

ఈ మాటను పట్టుకున్నది మనం ఒక్కళ్లమే కాదు. న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబరు నుంచి అమలు చేస్తున్న స్థానిక చట్టం ప్రకారం, 30 రోజుల లోపు ఇల్లు అద్దెకిచ్చే వారు నగర కార్యాలయంలో నమోదు కావాలి. అతిథి ఉన్నన్నాళ్లూ తామూ ఆ ఇంట్లోనే ఉండాలి. ఇద్దరికి మించి అతిథులను పెట్టుకోకూడదు. జపాన్‌లో 2018లో అమల్లోకి వచ్చిన చట్టం ఇలాంటి ఇళ్లకు ఏడాదికి 180 రోజుల పరిమితి పెట్టింది. బార్సిలోనా నగర పాలకులు 2028 నవంబరు నాటికి 10,101 పర్యాటక ఫ్లాట్ల అనుమతులను ఆపేస్తామని 2024లో ప్రకటించారు. ఈ ఊళ్లు ఆదివాసీ గూడేలు కావు. అయినా వాళ్ల భయం మన భయం లాంటిదే. ఇళ్లన్నీ అతిథులకు పోతే ఊరివాళ్లు ఎక్కడ ఉండాలన్నదే ఆ భయం. సంపన్న నగరాలే యజమాని ఇంట్లో ఉన్నాడా అని తనిఖీ చేస్తుంటే, మన గూడేల్లో ఆ ప్రశ్న అడగడం అభివృద్ధికి అడ్డు ఎలా అవుతుంది?

కాబట్టి మేము నమోదుకు వ్యతిరేకం కాదు. నమోదు ఉంటే వచ్చినవాడెవడో తెలుస్తుంది, ఆడపిల్లలున్న ఇంటికి రక్షణ ఉంటుంది. విదేశీ అతిథి వస్తే 24 గంటల్లో అధికారులకు తెలపాలన్న నియమం కూడా మంచిదే. మా విమర్శ నమోదు మీద కాదు, నమోదుకు అడిగే కాగితాల మీద.

ఇంటికి కాగితం ఏది?

నమోదుకు మొదట అడిగేది ఇంటి యాజమాన్య రుజువు, లేదా కౌలు పత్రం. పట్నపు మనిషికి ఇది చిన్న విషయం. బీరువా తీసి దస్తావేజు చూపిస్తాడు. పెంటలో ఉండే చెంచు కుటుంబానికి ఏ దస్తావేజు ఉంది? నాలుగు తరాలుగా అదే చెట్ల కింద ఉన్నారన్నది ఊరందరికీ తెలుసు. కానీ ఊరందరికీ తెలిసిన సంగతికి దరఖాస్తులో గడి లేదు.

2006 అటవీ హక్కుల చట్టం కింద కొందరికి పత్రాలు వచ్చాయి. ఆ పత్రం భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉంటుంది. సాగుకే కాదు, నివాసానికి కూడా హక్కు ఇస్తుంది. దాన్ని అమ్మకూడదు, బదిలీ చేయకూడదు, వారసులకు మాత్రం వస్తుంది. మరి హోమ్‌స్టే నమోదుకు ఈ పత్రం చెల్లుతుందా? నిబంధనల్లో ఆ మాట స్పష్టంగా రాసి ఉండాలి. రాయకపోతే అది కౌంటరు దగ్గర కూర్చున్న గుమస్తా ఇష్టం అవుతుంది. గుమస్తా ఇష్టం మీద వదిలేసిన హక్కు పేదవాడి దాకా రావడం ఎంత కష్టమో రేషన్ కార్డు, కుల ధ్రువపత్రం కోసం తిరిగిన ప్రతి కుటుంబానికీ తెలుసు.

తర్వాత వచ్చేది వసతుల పట్టిక. పాశ్చాత్య పద్ధతి మరుగుదొడ్డి, బట్టల అల్మారా, కారు నిలిపే స్థలం వంటివి అందులో చూస్తారు. శుభ్రమైన నీరు, శుభ్రమైన మరుగుదొడ్డి అడగడం న్యాయమే, అవి మనకూ కావాలి. కానీ పట్టిక మొత్తాన్ని చూస్తే దాన్ని రాసినవారి కళ్ల ముందున్నది పట్నపు కాలనీ ఇల్లే అని తెలిసిపోతుంది. వెదురు తడికె గోడ, గడ్డి కప్పు ఉన్న చెంచు ఇల్లు ఆ పట్టికలో ఎక్కడా ఇమడదు. విచిత్రం ఏమిటంటే, కారు దిగిన అతిథికి కావలసింది ఆ గడ్డి ఇల్లే! దాని ముందు నిలబడి ఫోటో దిగుతాడు. అతిథి గుడిసె కోరుతాడు, నిబంధన లాడ్జి కోరుతుంది. ఈ రెండింటినీ కలిపి పైన గడ్డి, లోపల సిమెంటు గది కట్టగలిగేవాడు డబ్బున్న బయటివాడే. మన ఇంటి ఆకారం అతని వ్యాపారమవుతుంది, మన పిల్లవాడు అక్కడ గిన్నెలు కడుగుతాడు.

పేరు అద్దెకివ్వడం

ఇక్కడి నుంచి యువత కొంచెం జాగ్రత్తగా చదవాలి. కాగితం లేనివాడికి నమోదు రాదు. కాగితం ఉన్న బయటివాడికి షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి కొనే హక్కు లేదు. ఇద్దరి మధ్య ఒక దొడ్డితోవ పుడుతుంది. “పేరు నీది, పెట్టుబడి నాది. నెలకు ఇంత ఇస్తా, సంతకం పెట్టు” అంటారు. వినడానికి ఇది సాయంలాగే ఉంటుంది.

కానీ రిజిస్టరులో పేరున్నవాడే చట్టం ముందు యజమాని. అతిథి నీళ్లలో పడినా, గదిలో గంజాయి దొరికినా, విదేశీయుడి వివరాలు ఇవ్వకపోయినా పోలీసులు వెతికేది ఆ పేరునే. బినామీ లావాదేవీల నిషేధ చట్టం 1988లో వచ్చింది. 2016లో దాన్ని గట్టిగా సవరించారు. దాని ప్రకారం డబ్బు పెట్టినవాడితో పాటు పేరు ఇచ్చినవాడికి కూడా ఏడాది నుంచి ఏడేళ్ల వరకు కఠిన శిక్ష పడవచ్చు. లాభం ఒకరిది, జైలు ఇద్దరిది. డిగ్రీ చదివి ఉద్యోగం దొరకని మన పిల్లల దగ్గరికే ఈ సంతకం ముందుగా వస్తుంది. ఈ సంగతి వాళ్లకు పదో తరగతిలోనే చెప్పవలసిన బాధ్యత ఉపాధ్యాయులుగా మనదే.

1/70ను ఎందుకు వదులుకోకూడదు?

షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు రెగ్యులేషన్ 1959లో వచ్చింది. 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. 1970లో చేసిన సవరణ వల్ల దానికి 1/70 అని పేరు వచ్చింది. అందులో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, కౌలు, దానం, మార్పిడి కూడా బదిలీలే. గిరిజనేతరుడికి చేసిన బదిలీ చెల్లదు. 1997 జులైలో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు గనుల కౌలుకు ఇవ్వరాదని చెప్పింది.

ఈ చట్టం పర్యాటకానికి అడ్డమన్న వాదన తరచూ వస్తోంది. 2025 జనవరిలో విశాఖపట్నంలో జరిగిన పర్యాటక పెట్టుబడిదారుల సమావేశంలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్పీకర్ అయ్యన్నపాత్రుడు 1/70ను సవరించాలన్న అర్థంలో మాట్లాడారు. ఫిబ్రవరిలో అరకు, పాడేరు, రంపచోడవరం వైపు ఏజెన్సీ 48 గంటల బంద్ పాటించింది. చట్టాన్ని తొలగించే ఆలోచన లేదని ముఖ్యమంత్రి ప్రకటించవలసి వచ్చింది. అరకు, లంబసింగి, వంజంగి పేర్లు ఇవాళ పర్యాటకుల నోట ఉన్నాయి. అక్కడ తేలబోయే విషయమే రేపు నల్లమలలోనూ తేలుతుంది.

పెట్టుబడి లేకుండా పర్యాటకం ఎలా పెరుగుతుందని అడిగేవారికి మా జవాబు సూటిగా ఉంది. ఈ చట్టం ఆదివాసీని తన ఇంట్లో అతిథిని పెట్టుకోవద్దనలేదు. అతిథి రెండు రాత్రులు ఉండి పోతే భూమి చేయి మారదు. కష్టం అప్పు దగ్గర వస్తుంది. వేలం వేసి గిరిజనేతరుడికి అమ్మలేని భూమి మీద బ్యాంకు అప్పు ఇవ్వడానికి వెనకాడుతుంది. దానికి మందు తాకట్టు లేని అప్పు. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్ర రుణాలు ఇస్తామన్నారు. 2024 అక్టోబరు 2న మొదలైన ధర్తీ ఆబా పథకంలో ఆదివాసీ ప్రాంతాలకు 1,000 హోమ్‌స్టేలు చెప్పారు. కొత్త గదులకు కుటుంబానికి 5 లక్షల వరకు, ఉన్న ఇంటిని బాగుచేసుకోవడానికి 3 లక్షల వరకు, ఊరి ఉమ్మడి అవసరాలకు 5 లక్షల వరకు సాయం ఉంటుందన్నారు. డబ్బుకు తోవ ఉంది. దాన్ని భూమి మీదుగా వేయనక్కరలేదు.

నల్లమలలో దీనికి ఇంకో చిక్కు ఉంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలి పెంటల నుంచి కొన్ని కుటుంబాలను బయటికి తరలించాలంటున్నారు. చెంచు అడవిలో ఉంటే పులికి ఇబ్బంది అంటారు. పర్యాటకుడు సఫారీ బండిలో పోతే ఇబ్బంది లేదా? లోపల ఉండవలసినవాణ్ణి బయటికి పంపి, బయటివాణ్ణి రాత్రికి లోపల పడుకోబెట్టే విధానం ఏ నిబంధన ప్రకారం న్యాయమో ఎవరైనా చెప్పాలి.

మనం ఏం అడగాలి?

మొదటిది, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రతి హోమ్‌స్టే నమోదుకు గ్రామసభ తీర్మానం జతపరచాలి. 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన స్థానం అదే. రెండోది, అటవీ హక్కు పత్రాన్ని, అది లేనిచోట నివాసంపై గ్రామసభ ఇచ్చే ధ్రువీకరణను ఇంటి రుజువుగా ఒప్పుకోవాలి. మూడోది, యజమాని అక్కడే నివసించాలన్న నియమాన్ని ఏ సడలింపూ లేకుండా ఉంచి, ఏడాదికి ఒకసారి గ్రామసభ ముందు తనిఖీ చేయాలి. నాలుగోది, వసతుల పట్టికలో శుభ్రత, నీరు, భద్రత తప్పనిసరి చేసి, ఇంటి కట్టుబడిని ఆయా ప్రాంత పద్ధతికి వదిలేయాలి. అయిదోది, నమోదైన ఇళ్ల జాబితాను, యజమానుల పేర్లతో సహా, తెలుగులో పంచాయతీ గోడ మీద పెట్టాలి.

మన వీపనగండ్ల షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, 1/70 ఇక్కడ వర్తించదు. మైదానంలో ఉన్న ఆదివాసీకి ఆ కవచం లేదు. సర్కారు పంచిన అసైన్డ్ భూమి ఉన్నవారికి మాత్రం 1977 నాటి బదిలీ నిషేధ చట్టం కొంత అండగా ఉంది. అందుకని నది ఒడ్డున ఎకరం అసైన్డ్ భూమి ఉన్న కుటుంబం రిసార్టు ఒప్పందం మీద వేలిముద్ర వేసే ముందు చదువుకున్న మన పిల్లల్లో ఒకరు ఆ కాగితం చదివి వినిపించాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. హోమ్‌స్టే దరఖాస్తు ఒకటి తెచ్చి తొమ్మిది, పది తరగతుల పిల్లల చేత నింపించండి. ఏ గడి దగ్గర వాళ్ల కలం ఆగిపోతుందో రాసుకోండి. ఆగిపోయిన ఆ గడులే మన వినతిపత్రం. దాన్ని గ్రామసభలో పెడదాం, మండల ఆఫీసుకు పంపుదాం. అతిథిని ఆదరించడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ ఆదరణ మన పేరు మీదే నమోదు కావాలని అడుగుతున్నాం, అంతే.